కడిగిన బొక్కెన

మాది జగిత్యాల. నా చిన్నతనంలో మా వీధి చివర ఒక చేదబావి ఉండేది. ఆ వీధిలోని ఇండ్లన్నింటికీ అదే మంచినీటి ఆధారం. గిరకపై చేంతాడు జారుతున్నప్పుడు వచ్చే కిరకిర ధ్వనితోనే మా ఇంట తెల్లవారేది. ఆ బావి విషయంలో మా నాయనమ్మ ఒక నియమాన్ని పాటించేది, ఇతరుల చేత పాటింపజేసేది. నీళ్ళు తోడుకోవడానికి ఎవరు వచ్చినా ముందుగా గట్టు పక్కనున్న గోలెంలోని నీటితో బొక్కెనను కడగాలి, ఆ తరువాతనే బావిలోకి దించాలి. “మా బొక్కెన శుభ్రంగానే ఉంది” అన్న మాటను ఆమె ఎన్నడూ అంగీకరించేది కాదు. చూసేవారికి శుభ్రంగా కనిపించినంత మాత్రాన సరిపోదని ఆమె వాదన. బడికి ఆలస్యమవుతున్న ఉదయాలలో నాకది వట్టి చాదస్తంగా తోచేది. ఆ నియమంలోని అంతరార్థం బోధపడడానికి నాకు ఇరవై రెండేళ్ళ వయస్సు రావలసి వచ్చింది. అదీ మా ఊరికి వేల మైళ్ళ దూరంలో, నీళ్ళతో ఏ సంబంధమూ లేని ఒక సందర్భంలో.

2003వ సంవత్సరం ఆగస్టు మూడవ వారంలో నేను ఉన్నత విద్య కోసం అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళాను. మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. వసతిగృహంలో మూడవ అంతస్తున నాకొక గది లభించింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఇవే ఆ గదిలోని సామగ్రి. బల్లకు ఎగువన గోడలో అగ్గిపెట్టె కన్న చిన్నదైన ఒక రంధ్రం ఉంది. కేబుల్ ఒక కొసను అందులో చొప్పించి, రెండవ కొసను కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం మొదలుకొని ప్రపంచంలోని ఏ మూలనున్న సమాచారమైనా గదిలోకే వస్తుందని పాత విద్యార్థులు చెప్పారు. జగిత్యాలలో ఇంటర్‌నెట్ కేంద్రం ముందు వరుసలో నిలబడి, గంటల లెక్కన పైకం చెల్లించిన నాకు అది పెరట్లోనే బావి తవ్వించుకున్నంత వైభవంగా తోచింది.

చదువు ముగించుకొని వెళ్ళిపోతున్న ఒక విద్యార్థి వద్ద 150 డాలర్లకు పాత కంప్యూటర్ కొన్నాను. ఆనాటి లెక్కన దాదాపు ఏడు వేల రూపాయలు. అది మా నాన్న అప్పు చేసి ఇచ్చిన సొమ్ము. ఆ సాయంత్రమే ఫోన్ కార్డుతో ఇంటికి మాట్లాడి మా చెల్లెలికి ఒక మాట ఇచ్చాను: “రేపు ఉదయం తొమ్మిది గంటలకు ఇంటర్‌నెట్ కేంద్రానికి వెళ్ళు. నా గది నుండి రాసిన మొదటి ఉత్తరం నీకోసం సిద్ధంగా ఉంటుంది.” జగిత్యాలలో ఉదయం తొమ్మిది గంటలంటే అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. అమ్మ, నాన్న, నాయనమ్మ ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటారని నాకు తెలుసు.

గది తలుపు కింద నుండి ఎవరో ఒక సూచనల కాగితాన్ని లోపలికి తోసి వెళ్ళారు. అందులో ఐదు సూచనలున్నాయి. కార్యాలయంలో ఇచ్చే సీడీలోని సవరణను ముందుగా కంప్యూటర్‌లో చేర్చాలి. తరువాత ఫైర్‌వాల్ అనే రక్షణ కవచాన్ని తెరవాలి. కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు సంఖ్యను రాసుకోవాలి. అటుపిమ్మటనే కేబుల్ తగిలించాలి. చివరగా, తెరపై కనిపించే పుటలో మన వివరాలు నమోదు చేయాలి. మొదటి రెండు సూచనల కింద నల్లని గీతలు గీసి ఉన్నాయి.

నేను కార్యాలయానికి వెళ్ళాను. సీడీ కోసం నిలబడిన వరుస మెట్ల దాకా సాగింది. గడియారం తొమ్మిదిన్నర చూపుతున్నది. కాసేపు నిలబడి, వరుస కదలకపోవడంతో గదికి తిరిగి వచ్చాను. “కొన్ననాటి నుండి చక్కగా పనిచేస్తున్న యంత్రమే కదా, రేపు సవరించుకుందాం” అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మూడవ సూచనతోనే పని మొదలుపెట్టాను.

నెట్‌వర్క్ కార్డు సంఖ్య పన్నెండు అక్షరాల పొడవుంటుంది. అందులో సున్న నుండి తొమ్మిది వరకు అంకెలు, ఏ నుండి ఎఫ్ వరకు ఆంగ్లాక్షరాలు కలగలిసి ఉంటాయి. తయారీదారు దానిని కార్డులోనే ముద్రిస్తాడు. అది యంత్రానికి పుట్టుమచ్చ వంటిది. నెట్‌వర్క్‌లో చేరినప్పుడు యంత్రానికి మరొక చిరునామా తాత్కాలికంగా లభిస్తుంది. అది వసతిగృహంలో మనకిచ్చే గది సంఖ్య వంటిది. మనం ఖాళీ చేస్తే మరొకరికి చెందుతుంది. ఈ రెండింటి సాయంతోనే ఏ యంత్రం ఎక్కడ ఉన్నదీ, ఎవరిదీ నిర్వాహకులకు తెలుస్తుంది.

నేను కొన్న నీలిరంగు కేబుల్‌లో ఎనిమిది సన్నని రాగి తీగలున్నాయి. ఒక జంటలోని సంకేతాలు మరొక జంటలోని సంకేతాలను చెదరగొట్టకుండా వాటిని రెండేసి చొప్పున మెలివేసి ఉంచుతారు. ఈథర్‌నెట్ అనే ఈ పద్ధతికి 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో రూపకల్పన చేశాడు. తొలినాటి ఈథర్‌నెట్‌లో అన్ని యంత్రాలూ ఒకే తీగను పంచుకునేవి. మాట్లాడదలచిన యంత్రం ముందుగా ఇతరులెవరైనా మాట్లాడుతున్నారేమో వినాలి. రెండు యంత్రాలు ఒకేసారి మాట్లాడితే రెండూ ఆగి, కొంతసేపు వేచి మళ్ళీ ప్రయత్నించాలి. ఇరుగుపొరుగుల మర్యాదనే ఆ రూపకర్తలు సూత్రంగా చేసుకున్నారని తరువాత తరగతిలో తెలుసుకొని ఆశ్చర్యపోయాను. ఆ రాత్రి మాత్రం నాకు మర్యాద గురించిన ఆలోచన లేదు. కేబుల్‌ను గోడలోకి చొప్పించాను. టక్కుమని శబ్దం వినిపించింది. కంప్యూటర్ వెనుక ఒక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. నా కన్నులు కూడా వెలిగి ఉంటాయి.

వివరాలు నమోదు చేసి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. ఆరేడు వాక్యాలు రాశానో లేదో, తెరపై ఒక హెచ్చరిక ప్రత్యక్షమయింది. అరవై సెకన్లలో యంత్రం తనంతట తాను ఆగిపోతుందని దాని సారాంశం. అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అంటూ అంకెలు తరిగిపోసాగాయి. చూస్తుండగానే ఉత్తరం మాయమైంది. యంత్రం మళ్ళీ మొదలయ్యాక, “క్షేమంగా చేరాను. గది బాగుంది. మీరు బెంగపడవద్దు” అని మూడే వాక్యాలు రాసి హడావుడిగా పంపించాను. మరి రెండుసార్లు అదే జరిగింది. యంత్రం పాతది కావడమే కారణమనుకొని, దానిని అలాగే వదిలి నిద్రపోయాను. ఆకుపచ్చ దీపం రాత్రంతా మిణుకుమిణుకుమంటూనే ఉన్నది.

అర్ధరాత్రి వేళ పక్కగది విద్యార్థి నా తలుపు తట్టాడు. అతడు నాకన్న పెద్దవాడు, పరిశోధక విద్యార్థి. “మీ కంప్యూటర్ కూడా ఆగిపోతున్నదా? మూడు గంటలుగా రాసిన వ్యాసం భద్రపరచక ముందే పోయింది. రేపు ఉదయం దానిని ఆచార్యులకు అందజేయాలి” అన్నాడు. అతని ముఖం వాడిపోయి ఉంది. సానుభూతితో నాలుగు మాటలు చెప్పి తలుపు వేసుకున్నాను.

తెల్లవారేసరికి నా గదికి నెట్‌వర్క్ తెగిపోయింది. సహాయ కేంద్రానికి వెళ్ళాను. అక్కడ పనిచేస్తున్న విద్యార్థి ఒక పట్టికను నా ముందుంచాడు. అందులో నా కార్డు పన్నెండు అక్షరాల సంఖ్య ఉంది. దాని కింద, రాత్రంతా ఆ యంత్రం తలుపు తట్టిన ఇతర యంత్రాల చిరునామాలు వరుసగా ఉన్నాయి. “ఇది బ్లాస్టర్ అనే పురుగు. మీ యంత్రంలో ప్రవేశించి, అక్కడి నుండి మరొక యంత్రాన్ని వెదుకుతున్నది” అని అతడు వివరించాడు.

ఆ పురుగు 2003 ఆగస్టు 11న లోకంలోకి వచ్చింది. విండోస్ వ్యవస్థలోని ఒక లోపం దానికి ద్వారమయింది. అది చొరబడడానికి మనం ఏ ఉత్తరాన్నీ తెరవనక్కరలేదు, దేనినీ నొక్కనక్కరలేదు. సవరించని యంత్రం నెట్‌వర్క్‌లో ఉంటే చాలు. ఇందులో నన్ను ఎక్కువగా కుంగదీసిన విషయం మరొకటి ఉన్నది. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ జూలై 16వ తేదీనే విడుదల చేసింది. అంటే రోగం కన్న 26 రోజుల ముందే మందు వచ్చింది. ఆ మందే సీడీ రూపంలో మెట్ల కింద నాకోసం ఎదురుచూసింది.

“పక్కగదికి ఈ పురుగు నా నుండే వెళ్ళిందా?” అని అడిగాను. “ఎవరి నుండి ఎవరికి వెళ్ళిందో ఈ పట్టిక చెప్పదు. తట్టిన తలుపులలో అదీ ఉందని మాత్రం చెబుతుంది” అన్నాడతడు.

ఆ రోజంతా నా మనస్సు రెండుగా చీలి వాదులాడుకుంది. పురుగును సృష్టించింది నేను కాదు. పక్కగది యంత్రానికి అది బయటి నుండి కూడా వచ్చి ఉండవచ్చు. పైగా నన్నెవరూ అనుమానించడం లేదు. మౌనంగా ఉంటే అడిగేవారు లేరు. అయినా, అర్ధరాత్రి చూసిన ఆ వాడిన ముఖం కళ్ళముందు నుండి కదలలేదు. చీకటి పడ్డాక పక్కగది తలుపు తట్టి, వరుసలో నిలబడకుండా తిరిగి వచ్చిన సంగతితో సహా జరిగినదంతా చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “వ్యాసానికి ఆచార్యులు రెండు రోజుల గడువిచ్చారు. తప్పు మీ ఒక్కరిదే కాదు. నేను వేసవి అంతా ఇక్కడే ఉన్నాను. సవరణ వచ్చిన సంగతి తెలిసీ వాయిదా వేశాను” అన్నాడు. మరునాడు ఇద్దరం కలిసి వరుసలో నిలబడ్డాము. ఆ సాయంత్రం రెండు యంత్రాలూ బాగుపడ్డాయి. తరువాత వారం రోజులు సాయంకాలాలలో సీడీ చేతపట్టుకొని మా అంతస్తులోని గదులన్నీ తిరిగాము. మాటలు కలవని వారితో కూడా ఆ నెపంతో స్నేహం కలిసింది.

ఆ నెలాఖరులోనే ఒక వార్త చదివాను. బ్లాస్టర్‌కు మార్పులు చేసి మరొక రూపాన్ని వదిలాడన్న ఆరోపణపై మిన్నెసోటా రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళ యువకుడిని అరెస్టు చేశారు. 2005 జనవరిలో న్యాయస్థానం అతనికి 18 నెలల జైలు శిక్ష విధించింది. వేలమంది యంత్రాలను చేరగల విద్య అతని చేతిలో ఉన్నది. ఆ యంత్రాల ముందు మనుషులు కూర్చుని ఉన్నారన్న స్పృహ మాత్రం కొరవడింది. ఆ స్పృహ నాలోనూ కొరవడిన రాత్రి ఒకటి ఉన్నది కనుక, ఆ వార్తను తేలికగా చదవలేకపోయాను.

ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఉత్తరం అంత చిన్నగా ఎందుకున్నదని చెల్లెలు అడిగింది. జరిగినది వివరించాను. ఆమె దానిని తన మాటలలో నాయనమ్మకు చెబుతుండడం ఫోనులో వినిపించింది. కంప్యూటర్‌ను ఎన్నడూ చూడని నాయనమ్మ ఫోను అందుకొని ఒకే ఒక్క ప్రశ్న వేసింది:

“అయితే కడుగకుంటనే బొక్కెన బాయిల ఇడిసినవా బిడ్డా?”

నా వద్ద సమాధానం లేదు. అవునన్నాను.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మా వీధి బావి నీళ్ళను ఎవరూ తోడడం లేదు. దానిపై ఇనుప జాలీ బిగించారు. నేటి విద్యార్థులలో చాలామందికి గోడలోని రంధ్రంతోనూ, నీలిరంగు కేబుల్‌తోనూ పని లేదు. ఒకసారి పరిచయం చేసుకున్న వైఫై పరిధిలోకి వస్తే చాలు, జేబులోని ఫోను తనంతట తానే కలిసిపోతుంది. గట్టు కనిపించనంత మాత్రాన బావి లేదని కాదు. ఆ నీటిని అందరమూ తాగుతూనే ఉన్నాము.

కొత్త యంత్రాన్ని కొన్నప్పుడల్లా, సవరణలు పూర్తయ్యేంతవరకు వేచి ఉండమని అది నన్ను కోరుతుంది. ఎంత తొందర పనిలో ఉంటే అంత విసుగు కలుగుతుంది. “రేపు చూద్దాంలే” అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. అప్పుడు గోలెం పక్కన కూర్చున్న నాయనమ్మ కళ్ళలో మెదులుతుంది. ఆగుతాను.