పోలండువారి పండుగ బుట్ట

నైవేద్యము కాకమున్ను పిండివంటలు ముట్టకుండఁ బిల్లల నాఁపుట యెంత కష్టమో సోదరీమణు లెఱుఁగుదురు. పోలండు తల్లులకును నీ పాటు తప్పదు. ఈస్టరు పండుగకు వారు పందిమాంసమును వెల్లుల్లి, మిరియములు, మరువముతోఁ గలిపి ప్రేగుతొడుగులోఁ గూరి, పొగవేయకయే తెల్ల కియెవ్బాసా చేయుదురు. మనము జడలోఁ దుఱుముకొను మరువమే సుమా! నీరు తెరలినచోఁ దొడుగు పగులును, సన్నసెగయే తగును. పండుగ ముందునాఁటి శనివారమున నొక ముక్కను గ్రుడ్లు, రొట్టె, ఉప్పుతో బుట్టలోఁ బెట్టి, చర్చికిఁ గొనిపోయి పవిత్రజలము చల్లించి తెత్తురు. ఆదివారపుఁ బ్రొద్దుటివఱకుఁ బెక్కిండ్లలో దానిని ముట్టరు. అప్పుడును మొదట గ్రుడ్డును పంచుకొని, యొండొరులకు శుభము కోరిన పిమ్మటనే భోజనము. 1981 మొదలు 1989 వఱకు నచట మాంసము చీటీలపై నిచ్చిరి. అంగళ్ల ముందు గంటలకొలఁది వరుసలో నిలిచి తెచ్చిన ముక్కను గూడ నా తల్లులు ముందు బుట్టలోనే పెట్టిరి.