ఒక కారు, రెండు పేర్లు

1990లో బ్రెజిల్ రహదారులపైకి అపోలో అనే కొత్త కారు వచ్చింది. ముందుభాగాన ఫోక్స్‌వ్యాగన్ చిహ్నం ఉన్నా, దాని దేహం ఫోర్డ్ వారి వెరోనాది. రెండు తలుపుల ఆ సెడాన్‌ను ఫోర్డ్ అంతకు కొద్దికాలం ముందే విపణిలోకి తెచ్చింది. విచిత్రమేమంటే, వెరోనా మేలురకానికి అమర్చిన 1.8 లీటర్ల ఇంజను ఫోక్స్‌వ్యాగన్ వారిదే. దీపాలు, లోపలి అలంకరణ వంటి చిన్న తేడాలు తప్ప రెండూ ఒకే కారు. 1992తో అపోలో కథ ముగిసింది.

దీని వెనుక ఒక భాగస్వామ్యం ఉంది. బ్రెజిల్, అర్జెంటీనాలలో గడ్డుకాలాన్ని తట్టుకొనేందుకు ఆ రెండు సంస్థలూ 1987లో ఆటోలాటినా పేరిట ఒక్కటయ్యాయి. వాటాలు 51, 49 శాతాలు. కర్మాగారాలు, ఇంజన్లు ఉమ్మడి. విక్రయశాలలు మాత్రం వేరు. అందువల్ల ఒకే ఇంటి సరుకు రెండు పేర్లతో ఒకే కొనుగోలుదారుని కోసం పోటీపడింది. 1990లో దిగుమతులకు ద్వారాలు తెరుచుకొన్నాక పరిస్థితులు మారాయి. 1990ల మధ్యకల్లా ఇరువురూ విడిపోయారు. అపోలో స్థానంలో 1993లో వచ్చిన లోగస్ కూడా ఫోర్డ్ ఎస్కార్ట్ పునాదిపై కట్టినదే. విడిపోయిన కొద్దికాలానికే అదీ నిలిచిపోయింది.

వారిలో ఎవరో ద్రోహం చేశారని నేననను. వారికి న్యాయవాదులున్నారు, ఒడంబడికలున్నాయి; విడిపోయాక ఎవరి దారిన వారు నిలదొక్కుకొన్నారు. మన ఇళ్లలో భాగస్వామ్యాలకు ఆ రక్షణ ఏదీ? మా నాన్నగారూ చిన్నాన్నగారూ ఇరవై ఏళ్లు కలిసి బట్టల దుకాణం నడిపారు. కాగితం రాసుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని ఇద్దరూ అనేవారు. దుకాణం మూతపడినప్పుడు సరుకెవరిది, అప్పెవరిది అన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. చిన్నాన్నగారి జనాజా నమాజులో నాన్నగారు చివరి సఫ్‌లో నిలబడి కన్నీరు పెట్టుకోవడం నేను చూశాను. అప్పటికి వారి మధ్య మాటలు ఆగి పదకొండేళ్లు.

భాగస్వాములలో అనేకులు ఒకరిపై ఒకరు అన్యాయానికి ఒడిగడతారనీ, విశ్వసించి సత్కార్యాలు చేసేవారు అలా చేయరనీ, అటువంటివారు బహుకొద్దిమందనీ హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) చెప్పిన విషయాన్ని దివ్యఖుర్ఆన్ సాద్ సూరాలో ప్రస్తావించింది. ఖుర్ఆన్‌లో అతి దీర్ఘమైన ఆయత్, బఖరా సూరా 282వది, అప్పు లావాదేవీని రాసుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ ఆదేశిస్తుంది. మొత్తం చిన్నదైనా రాయడానికి బద్ధకించవద్దంటుంది. ఆ ఆదేశంలోని వివేకం భాగస్వామ్యానికీ వర్తిస్తుంది. రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు, ప్రేమకు కాపలా.

ఇప్పుడు మా అబ్బాయి, మా అన్నయ్య కుమారుడు కలిసి మోటారు విడిభాగాల దుకాణం పెట్టదలిచారు. మా ఇంటి ముందుగది ఇస్తానన్నాను. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి శ్రమ ఎంత, లాభంలో వాటా ఎంత అన్నవి ముందే తేల్చుకోమన్నాను. నష్టం వస్తే షరీఅత్ ప్రకారం పెట్టుబడి నిష్పత్తిలోనే భరించాలి. ఇద్దరిలో ఎవరైనా విడిగా అదే వ్యాపారం చేయవచ్చా? విడిపోవలసి వస్తే సరుకు, అప్పులు, దుకాణం పేరు ఎవరికి? ఈ చివరి ప్రశ్న వినగానే పిల్లలిద్దరూ నొచ్చుకొన్నారు. శుభకార్యం ముందు ఆ మాటెందుకన్నారు. మనసులు కలిసి ఉన్నప్పుడే ఆ మాట న్యాయంగా తేలుతుందని చెప్పాను. కాగితంపై ఇద్దరి సంతకాలూ, ఇద్దరు సాక్షుల సంతకాలూ పడిన రోజున, ఇన్షా అల్లాహ్, తాళంచెవి వారి చేతిలో పెడతాను.