క్రిస్మస్ తాత నిజమేనా మేష్టారూ?

డిసెంబరు మొదటి వారం దాటేసరికి మా ఏజెన్సీలో వలిసె పూల పసుపు తగ్గుతూ వస్తుంది. కాఫీ పళ్ళ కోత సాగుతూ ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ చలిలోనే రాత్రి తొమ్మిది దాటాక క్యారల్స్ బృందాలు బయల్దేరతాయి. ఒక డప్పు, ఒక గిటారు, చార్జింగు లైటు. వెనకాల ఎర్ర కోటు, దూది గడ్డం, ప్లాస్టిక్ ముసుగు వేసుకుని గెంతుకుంటూ క్రిస్మస్ తాత. పెద్ద పిల్లలు చాక్లెట్ల కోసం వెంటపడతారు. చిన్నవాళ్ళు అమ్మ కొంగులో దూరి ఏడుస్తారు.

నేను వారమంతా ప్రభుత్వ బడిలో, ఆదివారం మా గూడెం చర్చిలో సండే స్కూల్లో పాఠాలు చెబుతాను. అందుకని తాత గురించిన ప్రశ్నలు రెండు వైపుల నుంచీ నా దగ్గరికే వస్తాయి. ఎక్కువ ప్రశ్నలు తమాషాగానే ఉంటాయి. పొగగొట్టంలోంచి దిగుతాడంట కదా, మన ఇళ్ళకి పొగగొట్టం లేదు కదా, మరి పొయ్యి పొగ పోయే సందులోంచి దూరతాడా అని ఒకడు అడిగాడు. ఇంత చలికోటు వేసుకుంటే డప్పుకి గెంతేటప్పుడు చెమట పట్టదా అని ఇంకొకడు.

కానీ రెండేళ్ళ కింద మూడో తరగతి పిల్ల ఒకర్తె అడిగింది తమాషా ప్రశ్న కాదు. దాని పెదనాన్న కొడుకు పాడేరులో ప్రైవేటు బడిలో చదువుతాడు. క్రిస్మస్ తాత రాత్రి వచ్చి వాడి దిండు కింద క్రికెట్ బ్యాటు, బంతి పెట్టి వెళ్ళాడు. మంచి పిల్లలకే తాత బహుమతులిస్తాడని వాడి బడిలో చెప్పారు. ఈ పిల్లకి క్యారల్స్ రాత్రి విసిరిన ఒక చాక్లెట్ దొరికింది. "క్రిస్మస్ తాత నిజమేనా మేష్టారూ? నిజమైతే, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది.

పక్కన కూర్చోబెట్టుకుని, బ్యాటు కొన్నది మీ పెదనాన్నే అమ్మా అని చెప్పాను. కాసేపు ఆలోచించింది. "అయితే మా నాన్న దగ్గర డబ్బుల్లేవు, అంతేనా?" అంది. అంతే అన్నాను. "మరైతే నేను చెడ్డపిల్లని కాదు" అని లేచి ఆడుకోవడానికి పోయింది. పేదరికం సంగతి ఆ పిల్లకి ముందే తెలుసు. దాన్ని మోయగలదు. మోయలేనిది, తనలో ఏదో తప్పుందన్న మాట.

1897లో న్యూయార్క్‌లో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకర్తె ఇదే ప్రశ్నని 'సన్' పత్రికకి రాసింది. ఆ పత్రికలో వస్తే నిజమేనని నాన్న చెప్పాడని కూడా రాసింది. ఉన్నాడమ్మా అని పత్రిక సంపాదకీయం వేసింది. ప్రేమ, దాతృత్వం ఉన్నట్టే ఆయనా ఉన్నాడని దాని సారం. అందమైన జవాబే. అయితే ఆ జవాబు బ్యాటు దొరికిన పిల్లలకి సరిపోతుంది.

క్రైస్తవుడిగా నాకు ఇక్కడ మొదటి ఇబ్బంది. మంచివాళ్ళ జాబితా, చెడ్డవాళ్ళ జాబితా రాసుకుని లెక్కప్రకారం ఇచ్చేది కూలి. దాన్ని బహుమతి అనలేం. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో రక్షణ మన పనుల వల్ల వచ్చింది కాదని, అది దేవుడిచ్చిన వరమని చెబుతాడు. సంవత్సరమంతా ఆ మాట నేర్పించి, డిసెంబరులో సరిగ్గా దానికి ఎదురుమాట నేర్పిస్తే పిల్లలకి ఏది మిగులుతుంది? మన వాళ్ళకి ఇది అర్థం చేయించడం కష్టం కాదు. ఇటుకల పండగ వేటలో దొరికింది ఊరంతా వాటాలు వేసుకుంటాం. వాటా వేసేటప్పుడు ఎవడు మంచోడు, ఎవడు తాగుబోతు అని చూడం. గడప ఉంటే వాటా ఉంటుంది.

అసలు ఈ తాత ఎవరు? నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. ఆ ఊరు ఇప్పుడు టర్కీ దక్షిణ తీరంలో ఉంది, దెమ్రే అంటారు. ఆయన గురించి చెప్పుకునే కథ ఇది: ముగ్గురు ఆడపిల్లల తండ్రి చితికిపోయాడు. కట్నం ఇవ్వలేక, పిల్లల్ని అమ్ముకునే స్థితికి వచ్చాడు. నికొలస్ రాత్రిపూట ఎవరూ చూడకుండా వాళ్ళ ఇంట్లోకి బంగారం మూట విసిరాడు. అలా మూడుసార్లు చేశాడు. ఆయన పండగ డిసెంబరు 6న. ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు మా పిల్లలు అయోమయంగా చూశారు. "ఆడపిల్లలుంటే తండ్రికి డబ్బులెందుకు మేష్టారూ? పెళ్ళికొడుకు వాళ్ళే కదా ఓలి ఇవ్వాలి?" అన్నారు. కట్నం అంటే ఏమిటో ముందు చెప్పాల్సి వచ్చింది. కట్నం మన గూడేల్లోకి కూడా వచ్చేస్తున్న రోజుల్లో ఆ పాఠం వృథా పోలేదనుకుంటాను. పని ఇప్పిస్తామని ఆడపిల్లల్ని పట్నాలకి తీసుకుపోయేవాళ్ళ సంగతి కూడా ఆ రోజే మాట్లాడుకున్నాం.

ఆ బిషప్పు తర్వాత చాలా మారాడు. డచ్చి వాళ్ళు సింటర్‌క్లాస్ అన్నారు. 1823లో అమెరికాలో ఒక పత్రికలో పేరు లేకుండా వచ్చిన పద్యం ఆయనకి ఎనిమిది దుప్పుల బండి కట్టింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు బొజ్జ, గడ్డం దిద్దాడు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో హాడన్ సండ్‌బ్లమ్ గీసిన బొమ్మలు ఆ ఎర్ర కోటు తాతని ప్రపంచమంతా తిప్పాయి. మన సంతలో యాభై, వంద రూపాయలకి దొరికే ముసుగు ఆ బొమ్మ బిడ్డే. బెత్లెహేము పశువుల తొట్టికీ దానికీ చుట్టరికం చాలా దూరం.

మన పెద్దల కథల సంగతి ఇక్కడ ఎత్తకుండా ఉండలేను. మా తాత కొండకి మొక్కకుండా విత్తనం వేసేవాడు కాదు. మా నాన్న కాలంలో మా ఇల్లు క్రీస్తుని నమ్ముకుంది. అప్పుడు మాకు చెప్పిన మాటల్లో ఒకటి, తాతల కథలన్నీ కట్టుకథలు, వదిలేయండి అని. కొన్ని వదిలేశాం, కొన్ని వదల్లేకపోయాం. నా విశ్వాసం గురించి నాకు పశ్చాత్తాపం లేదు. కానీ మా తాత కథని గుమ్మం బయట పెట్టించిన చర్చిలోనే, కట్టుకథ అని పెద్దవాళ్ళందరికీ తెలిసిన తెల్ల తాత కథని మా పిల్లలకి నిజమని చెప్పడం నాకు మింగుడుపడదు. మా కొండలో కనీసం నీళ్ళున్నాయి, దుంపలున్నాయి. పైగా మా తాత కథ మొదలుపెట్టేటప్పుడు "మా పెద్దలు చెప్పేవారు" అని మొదలుపెట్టేవాడు. నేను చూశాను అని ఎప్పుడూ అనలేదు.

అలాగని పక్క గూడెం పాస్టరుగారిలా తాత వేషమే సైతాను పని అని తిట్టడం కూడా నాకు నచ్చదు. ఫ్రాన్సులో దిజోన్ అనే ఊళ్ళో 1951 డిసెంబరులో ఆ పనే చేశారు. చర్చి పెద్దల సమ్మతితో క్రిస్మస్ తాత బొమ్మని వందలమంది పిల్లల ఎదుట కాల్చేశారు. మర్నాడు మునిసిపాలిటీ వాళ్ళు తాతని తమ భవనం పైకప్పు మీద మళ్ళీ నిలబెట్టారు. బ్రెజిల్ ఆదివాసుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ ఈ గొడవ మీద 1952లో ఒక వ్యాసం రాశాడు. అందులో అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసుల కచీనాల ప్రస్తావన తెచ్చాడు.

ఆ ముక్క మన టీచర్లు తెలుసుకోవాలి. అరిజోనాలోని హోపీ ఆదివాసుల్లో కచీనాలు ముసుగులతో వచ్చి నాట్యం చేసి, పిల్లలకి కానుకలిస్తారు. పిల్లలు వాటిని దేవతలనే అనుకుంటారు. కొంత వయసు వచ్చాక, క్రతువు చేసి, ఆ ముసుగుల వెనక ఉన్నది మీ నాన్నలు, మామలే అని చూపిస్తారు. డాన్ తలయెస్వా అనే హోపీ పెద్దమనిషి 1942లో వచ్చిన తన జీవితకథలో ఆ రోజు తనకి ఎంత కష్టం, కోపం కలిగాయో చెప్పుకున్నాడు. అయినా అక్కడ ఆ నిజం చెప్పడానికి ఒక రోజుంది, చెప్పే పెద్దలున్నారు. తర్వాత ఆ పిల్లవాడే ముసుగు వేసుకునే బాధ్యతలోకి వస్తాడు. మన పిల్లలకి నిజం ఎలా తెలుస్తుంది? ఆశ్రమ పాఠశాల హాస్టల్లో రాత్రి దీపం ఆర్పాక పై తరగతి వాడు నవ్వుతూ చెబితే తెలుస్తుంది. అదే నోటితో వాడు, యేసు సంగతి కూడా ఇంతేరా అంటాడు. చెప్పిన పెద్దవాళ్ళు ఇద్దరి గురించీ ఒకే గొంతుతో చెప్పారు కాబట్టి పిల్లవాడి దగ్గర జవాబుండదు.

నాతో ఏకీభవించని మంచి క్రైస్తవులు ఉన్నారు. ఇంగ్లండు రచయిత టోల్కీన్ గట్టి క్యాథలిక్కు. 1920 నుంచి ఇరవై ఏళ్ళకి పైగా క్రిస్మస్ తాత పేరుతో తన పిల్లలకి బొమ్మలు వేసి ఉత్తరాలు రాశాడు. ఆ పిల్లల్లో ఒక కొడుకు ప్రీస్టు అయ్యాడు. అది ఒక తండ్రి తన ఇంట్లో తన పిల్లలతో ఆడుకున్న ఆట. బడిలోనో చర్చిలోనో, దిండు కింద బ్యాటు ఉన్న పిల్లనీ లేని పిల్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆడటం వేరు.

మా చర్చిలో ఇప్పుడు తాత వేషం ఉంది. ముసుగు పిల్లలే వంతులవారీగా వేసుకుంటారు. వెనక ఎవరున్నారో చిన్నవాళ్ళకి చూపించాకే గెంతుతారు. ఏడుపులు తగ్గాయి, నవ్వు తగ్గలేదు. నికొలస్ కథని కథగా చెబుతాను, మత్తయి, లూకా చెప్పింది సువార్తగా చెబుతాను. నా గొంతులో తేడా వాళ్ళకి తెలుస్తుంది.

పోయిన డిసెంబరులో ఏడో తరగతి పిల్లలు నికొలస్ లాగా చేద్దామన్నారు. గూడెం చివర ఒంటరిగా ఉండే అవ్వ గుమ్మంలో, తెల్లవారకముందే, బియ్యం, కందులు, కొంచెం అల్లం పెట్టి వచ్చారు. పొద్దున్నే అవ్వ ఎవరు పెట్టారని ఊరంతా అడిగింది. ఒకడు నా దగ్గరికి వచ్చి, "చెప్పకపోతే అబద్ధమా మేష్టారూ?" అన్నాడు. మన పేరు దాచుకోవచ్చురా, తాత పెట్టాడని మాత్రం చెప్పకు అన్నాను. వాడు నోరు మెదపలేదు. కానీ అవ్వకి మూడో రోజుకే తెలిసిపోయింది. మాది నలభై గడపల గూడెం, బియ్యం పెట్టిన బుట్ట ఎవరు అల్లిందో చూసి గుర్తుపట్టేసింది.