గోడమీది చిలుక

గత దసరాకు ముందు మా యింటి ముందరిగోడకు వెల్ల వేయించితిమి. సున్నము సరిగా నారకమునుపే మా యమ్మాయి, ఏడేండ్లది, బొగ్గుముక్కతో గోడనిండ నొక చిలుకను వ్రాసినది. దాని ముక్కు దేహముకంటె పెద్దది. మేము కోపించి, తడిగుడ్డతో తుడిచివేసి, నాలుగు మాటలు గట్టిగా ననితిమి. సాయంత్రమునకు మే మా సంగతి మరచితిమి గాని పిల్ల మరువలేదు. నాటినుండి బలపముగాని రంగులపెట్టెగాని ముట్టలేదు. ఎవరైన బొమ్మ వేయుమన్నచో "నాకు రాదు" అని లోపలికి పోవుచుండెను. ఏడేండ్ల పిల్లనోట నా మాట వినుట యెట్లుండునో తల్లులైన సోదరీమణు లెరుగుదురు.

మావారు బడిపంతులు. లెక్కలు వచ్చిన చాలును, బొమ్మలు కూడు పెట్టునా యని వారి వాదము. చిన్ననాట మా తండ్రిగారు మాకు భాగవతము చెప్పునపుడు చిత్రరేఖ కథ వచ్చినది. ఉష కలలో గాంచిన వాడెవడో తెలియుటకై ఆమె రాజకుమారుల రూపులన్నియు వరుసగా వ్రాసి చూపినది. ఆ చెలికత్తె చేతికి వ్రాత రానిచో అనిరుద్ధుని జాడయే లేదు. ఈ మాట చెప్పగా మావారు నవ్వి, "సరే, సంక్రాంతి సెలవులలో హైదరాబాదు పోవుదము, దానికేదైన చూపుదము" అనిరి.

బస్సు దిగి మూసీ దక్షిణపుటొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలకు పోయితిమి. శుక్రవారము దానికి సెలవు గనుక శనివారమే బయలుదేరితిమి. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించెననియు, ఆ వంశమువారు కూర్చిన వస్తువులు 1951లో దివాన్ దేవిడీలో ప్రజలకు చూపబడి, 1968లో ఈ భవనమునకు చేరినవనియు మావారు గుమ్మముకడనే పాఠము మొదలుపెట్టిరి. మేము కంటిసైగతో నాపితిమి. పంతుళ్లకు సెలవులుండవు కాబోలు!

అచ్చట గదులు పెక్కు. అన్నియు చూపవలెనని పిల్లలను ఈడ్చుకొనిపోవువారిని చాలమందిని చూచితిమి; ఆ పిల్లల కన్నులు అప్పటికే నిద్రకు వాలుచుండెను. మేము రెండు మూడు వస్తువులతో సరిపుచ్చుకొంటిమి. మొదటిది సంగీత గడియారము. గంట సమీపింపగానే జనమంతయు దాని ముందర గుమిగూడుదురు. గడ్డపు బొమ్మ యొకటి వెలికివచ్చి గంటలు కొట్టి మరల లోపలికి పోవును. అందరును దానికై కాచుకొనియుండగా మా పిల్ల మాత్రము ఒక ప్రక్కన క్షణమున కొక దెబ్బ చొప్పున సమ్మెట వేయు కమ్మరివానినే చూచుచుండెను. గంటలు కొట్టి జనము చెదరిన తరువాతగూడ కదలలేదు. "వాడికి చేయి నొప్పి పుట్టదా?" అని యడిగినది. మేము బదులు చెప్పలేదు. చెప్పినచో చూచుట మానునని భయము.

ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చలువరాతితో చెక్కిన ముసుగు రెబెక్కా యొద్ద చాలసేపు నిలిచితిమి. ముఖముమీద పలుచని మేలిముసుగు. దానిలోనుండి కన్ను, ముక్కు తెలియుచునే యుండును. గుడ్డయు రాయియే, ముఖమును రాయియే. పిల్ల ఒక ప్రక్కనుండి, మరియొక ప్రక్కనుండి వంగి చూచి, "తడిగుడ్డ వేసినట్లున్నది, తుడిచిపోలేదు" అన్నది. ఆ మాట మా గుండెలో గ్రుచ్చుకొన్నది. మావారును మావంక చూచి యూరకుండిరి.

మధ్యాహ్నము నయాపూల్ దారిని చార్మినారువైపు నడచుచు, పత్తర్‌గట్టీ దగ్గరనున్న బాద్‌షాహీ అషుర్‌ఖానా చూచితిమి. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది. పాదరక్షలు విడిచి, నెమ్మదిగా మెలగవలసిన పవిత్రస్థలము. 1611 ప్రాంతమున గోడలకు తాపిన పింగాణీ పలకలు నీలము, పసుపు రంగులతో నేటికిని మెరయుచున్నవి. 1908 నాటి మూసీవరదలో క్రిందిభాగపు పలకలు చెడిపోగా, పిమ్మట అచ్చట రంగులతో ఆ నమూనాలనే వ్రాసిరి. పిల్లకు మే మది చెప్పనేలేదు. అదియే క్రిందికి వంగి, "ఇది వేరేవాళ్లు వేసినది గదా అమ్మా?" అని యడిగినది. ఔనంటిమి. "పాడైతే మళ్లా వేయవచ్చునా?" అన్నది. వేయవచ్చునంటిమి. మా గొంతు సరిగా పలుకలేదు.

లాడ్‌బజారులో మేము గాజులకై పోయితిమి. ఇచ్చటి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒక యంగడి వెనుక ముసలమ్మ యొకతె నిప్పులమీద లక్కను మెత్తజేసి, కడ్డీవలె సాగదీసి, వలయముగా చుట్టి, వేడి యారకముందే రాళ్లు అద్దుచుండెను. ఆ వేగము చెప్ప నలవిగాదు. మా పిల్ల రెప్పవేయక చూచుట కనిపెట్టి, గోరువెచ్చగా నైన చిన్నలక్కముద్దను దాని యరచేతబెట్టి, "బనావో బేటీ" అన్నది. "నాకు రాదు" అను మాట వచ్చునేమోయని మేము చూచుచుంటిమి. పిల్ల ముద్దను రెండు వ్రేళ్ల నడుమ నొక్కి, ముక్కు సాగదీసి, చిలుకను చేసినది. ఈ చిలుకకును ముక్కే పెద్దది. ముసలమ్మ దానికొక పచ్చరాయి కన్నుగా నద్ది యిచ్చి, పైసలు పుచ్చుకొనలేదు.

ఇంటికి వచ్చిన మరునాడు పెరటివైపు గోడను చూపి, ఇది నీది, ఎవ్వరును తుడువరు అంటిమి. పిల్ల నమ్మలేదు. మూడు దినములు దాని దరికే పోలేదు. నాలుగవనాడు మేము ముగ్గు వేయుచుండగా వచ్చి ప్రక్కన గూర్చుండి, "నీవు రోజూ వేస్తావు, రోజూ చెరిగిపోతుంది, నీకు కోపం రాదా?" అని యడిగినది. రాదంటిమి. లేచి పోయినది. సాయంత్రము పెరటిలోనికి పోగా గోడమీద సమ్మెట యెత్తిన కమ్మరివాడు నిలిచియుండెను. ప్రక్కన బొగ్గు పట్టుకొని మావారు, వానికి దాగలి యెచ్చట నుండవలెనో పిల్ల నడుగుచుండిరి.