పాళీ పుట్టిన పేటలో

బర్మింగ్‌హామ్ స్నో హిల్ స్టేషన్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే జ్యూయలరీ క్వార్టర్. పేరుకు తగ్గట్టే నగల పనివాళ్ల పేట. అక్కడ దిగి కాస్త నడిస్తే ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో ఆర్జెంట్ సెంటర్ కనిపిస్తుంది. బంగారు పాళీలు, పెన్సిళ్లు తయారుచేసే డబ్ల్యూ.ఇ. వైలీ కోసం 1863లో రంగురంగుల ఇటుకలతో కట్టిన ఫ్యాక్టరీ ఇది. ఇందులోనే 2001 నుంచి పెన్ మ్యూజియం నడుస్తోంది. సిరాలో ముంచి రాసే సన్నమొన పాళీతో కాపర్‌ప్లేట్ అనే లావు సన్నం గీతల వాలురాత నేర్చుకోవడం నేను ఈమధ్యే మొదలుపెట్టాను. చేతిలోని పనిముట్టు ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా పుట్టిందో చూడాలని వెళ్లాను.

లోపల గోడల నిండా అద్దాల చట్రాల్లో పాళీలు. కొన్ని గోరంత, కొన్ని బొటనవేలంత. 19వ శతాబ్దంలో ప్రపంచం వాడిన ఉక్కు పాళీల్లో చాలా భాగం ఈ ఊరివే. అంతకుముందు ఐరోపాలో రాత ఎక్కువగా బాతు ఈకలతోనే. ఈకను మాటిమాటికీ చెక్కుకోవాలి, అది తొందరగా అరిగిపోతుంది. 1820ల్లో జాన్ మిచెల్, ఆ తర్వాత జోసెఫ్ జిలట్, జోసయా మేసన్ వంటివాళ్లు పాళీల తయారీని చేతి ప్రెస్సుల మీదికి తెచ్చారు. దాంతో ధర అమాంతం పడిపోయి, పాళీ బడిపిల్లల చేతికి కూడా అందింది. మేసన్ ఆ సంపాదనతో పెట్టిన సైన్స్ కాలేజీయే తర్వాత బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంగా ఎదిగింది.

ఇక్కడ చూసేవాళ్లు స్వయంగా పాళీ చేసుకోవచ్చు. నా చేతికి సన్నటి ఉక్కు రేకు ఇచ్చారు. మొదటి ప్రెస్సు పిడిని లాగితే రేకులోంచి పాళీ ఆకారంలో చిన్న బిళ్ల తెగి పడింది. రెండో ప్రెస్సు నడుమ రంధ్రం పొడిచింది. ఆ తర్వాత పేరు అచ్చు వేయడం, చివరికి పలకలా ఉన్న బిళ్లను గుండ్రంగా వంచడం. ఫ్యాక్టరీ రోజుల్లోనైతే వంచే ముందు కాల్చి మెత్తబరిచేవారు. వంచాక మళ్లీ ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచేవారు. దాంతో వచ్చిన పెళుసుదనం పోవడానికి ఇంకోసారి వేడిచేసేవారు. తర్వాత మెరుగుపెట్టడం, మొనను సానపట్టడం.

వీటన్నిటి తర్వాత వచ్చేది చీలిక. రంధ్రం నుంచి మొన దాకా పాళీని రెండు పాయలుగా చీల్చే ఆ గీత కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. అది ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా పాళీ పనికిరాదు. సిరా మొనకు దిగేది ఆ సందులోంచే. వేలు నొక్కితే పాయలు విడతాయి, గీత లావవుతుంది. వదిలితే దగ్గరకొస్తాయి, గీత సన్నబడుతుంది. కాపర్‌ప్లేట్ అందమంతా ఆ చీలికలోనే ఉంది.

ప్రెస్సుల ముందు కూర్చుని ఇంత సూక్ష్మమైన పనిని పొద్దస్తమానం చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నాలుగు పిడులు లాగేసరికే నా భుజం బరువెక్కింది. పాళీల పెట్టెల మీద యజమానుల పేర్లున్నాయి గాని ఆ ఆడవాళ్ల పేర్లు లేవు. ఆ పాళీలతో రాసిన ప్రతి ఉత్తరంలో, ప్రతి లెక్కల పుస్తకంలో వాళ్ల నేర్పు ఉంది. ఈ రాత నేర్చుకునేవాళ్లు ముందుగా తలుచుకోవలసింది వాళ్లనే అని నాకు గట్టిగా అనిపించింది.

మ్యూజియంలో రాసి చూడటానికి బల్లలు, కలంపుల్లలు, సిరా ఉంచారు. కొత్తవాళ్లకు నాలుగు మాటలు పనికొస్తాయి. తుప్పు పట్టకుండా కొత్త పాళీకి పూత పూసి ఉంటుంది. దాన్ని సబ్బునీళ్లతో తుడవకపోతే సిరా నిలవక జారి చుక్కలుగా పడుతుంది. రంధ్రం మునిగేదాకా ముంచి, బుడ్డి అంచుకు తాకించి ఎక్కువైన సిరా వదిలించాలి. కిందికి దిగే గీతను నొక్కి, పైకి ఎక్కే గీతను తేలిగ్గా రాయాలి. ఎక్కేటప్పుడు నొక్కితే మొన కాగితంలో దిగబడి సిరా చిమ్ముతుంది. అక్షరాల వాలు సుమారు 55 డిగ్రీలు. కుడిచేతివాళ్లకు ఆ వాలు కుదరడానికే పక్కకు వంగిన కలంపుల్లలు వచ్చాయి.

అక్షరాల కంటే ముందు గీతలు, అర్ధచంద్రాలు, కోడిగుడ్డు ఆకారాలు పేజీలకు పేజీలు దిద్దాలి. చూసి దిద్దడానికి పాత మాదిరులున్నాయి. 1733 నుంచి 1741 దాకా జార్జ్ బికమ్ లండన్ రాతగాళ్ల మాదిరులను రాగిరేకుల మీద చెక్కి, ‘ది యూనివర్సల్ పెన్‌మన్’గా భాగాలు భాగాలుగా వెలువరించాడు. ఈకతో రాసిన ఆ గురువులనే ఈనాటికీ ఉక్కు పాళీవాళ్లు చూసి దిద్దుతున్నారు.

కాగితం చివర తెలుగులో ‘ర’ రాసి చూశాను. ఎడమవైపు దిగేటప్పుడు లావు, అడుగున తిరిగి కుడివైపు ఎక్కేటప్పుడు సన్నం, తలకట్టులో దిగే ముక్క లావు, ఎగసే తోక సన్నం. ఎక్కడా బలవంతం లేదు. ఈ పాళీ మన గుండ్రటి అక్షరాలకు, ముఖ్యంగా తలకట్టుకు, చక్కగా నప్పుతుందని నాకు నమ్మకం కుదిరింది. తెలుగుకు తగ్గ దిద్దుడు పుస్తకం ఒకటి శ్రద్ధగా తయారుచేయాలి. అక్షరాలు గీసే మన చిత్రకారులు, బడిపంతుళ్లు కలిసి పూనుకోవలసిన పని ఇది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాల్‌పెన్ను వచ్చి ఈ ఫ్యాక్టరీలను ఒక్కొక్కటిగా మూయించింది. పాళీ మాత్రం పోలేదు. జపాన్‌లో మాంగా అనే బొమ్మల కథలు గీసేవాళ్ల కోసం చేసే నిక్కో జీ, జీబ్రా జీ పాళీలు కాస్త గట్టిగా ఉంటాయి. కొత్త చేతి నొక్కుడును బాగా ఓర్చుకుంటాయి. ఒక పాళీ, ఒక కలంపుల్ల, ఒక సిరాబుడ్డి, నున్నటి కాగితం ఉంటే చాలు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. పేజీ నిండా గీతలు దిద్దనివ్వండి, అక్షరాలకు తొందరపెట్టకండి.