ఇరవై ఏడేళ్ళ మాజీ

మాజీ అన్నమాట మనకి బాగా అలవాటే. మాజీ మంత్రి, మాజీ సర్పంచి, మాజీ హెడ్మాస్టరు. ఆ మాట వినగానే నెరిసిన జుట్టూ, చేతికర్రా, భుజాన శాలువా కళ్ళముందుకొస్తాయి. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు మెడలో దండవేసి, చేతికో గోడగడియారం ఇచ్చి ఇంటిదాకా దింపి వెళతారు. ఇక నీకు టైముతో పనిలేదు నాయనా అని సాగనంపుతూ గడియారం ఇవ్వడమేమిటో నాకెప్పుడూ అర్థంకాదు.

ఆటగాళ్ళ సంగతి అలా కాదు. మాజీ కావడానికి వాళ్ళకి జుట్టు నెరవక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఇరవై ఏడేళ్ళ కుర్రాడంటే ఇంకా గ్రూప్ టూకి కోచింగ్ తీసుకుంటూ వుంటాడు. వీడికి పిల్లనెవరిస్తారని తల్లి బెంగపెట్టుకుంటూ వుంటుంది. సరిగ్గా ఆ వయసుకే రెండు ఒలింపిక్సు చూసొచ్చి, ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చి, అర్జున అవార్డు పుచ్చుకుని, ఆటకి దణ్ణం పెట్టేసినవాడొకాయన వున్నాడు. ఎక్కడివాడో కాదు, మన సికిందరాబాదువాడే. తులసీదాస్ బలరామ్.

ఎవరాయన అంటారా? అనండి, మీ తప్పేం లేదు. క్రికెట్ ఆటగాడి భార్య ఫలానా పెళ్ళిలో కట్టిన చీర రంగు కూడా చెప్పగలం మనం. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మన జ్ఞాపకశక్తి మందగిస్తుంది.

సికిందరాబాదు నుంచి బొల్లారం వెళ్ళే రైలుదారిలో అమ్ముగూడ అనే చోటుంది. 1936లో అక్కడ ఓ బీద తమిళ కుటుంబంలో పుట్టాడు బలరామ్. ఆటకి బూట్లు కావాలి. కొనే తాహతు లేదు. చెప్పులు కుట్టేవాడు పాత పోలీసు బూట్లని సరిచేసి రెండు రూపాయలకి కుట్టిచ్చాడట. ఆ రోజుల్లో రెండు రూపాయలంటే బీదింట్లో ఎన్నిపూటల తిండో ఆ తల్లినే అడగాలి. ఆట కూడు పెడుతుందా అని అడగని తల్లి వుందా మన దేశంలో?

అప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడీ కుర్రాడు. రహీం బడిపంతులుగా పనిచేసినాయన. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టునీ, దేశం జట్టునీ కూడా తీర్చిదిద్దినవాడు. రోజూ హైదరాబాదు మైదానానికి రావాలంటే పిల్లాడికి సైకిల్ లేదు. సరే, అద్దెకి తీసుకో అని ఆయనే డబ్బులిచ్చాడు. దేశానికొచ్చిన పతకాల జాబితా రాసేవాళ్ళు, ఆ సైకిల్ అద్దె కూడా ఓ మూల రాసిపెడితే బావుంటుంది.

ఇరవై ఏళ్ళకి, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. భారతదేశం సెమీఫైనల్ చేరి చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏ ఆసియా జట్టూ అంతదూరం రాలేదు. ఆ తర్వాత కలకత్తా. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. చేపకీ ఫుట్‌బాల్‌కీ ప్రాణమిచ్చే ఊళ్ళో, బెంగాలీ కానివాడు బెంగాలీల ముద్దుబిడ్డయ్యాడు. 1961లో ఆ జట్టు నాయకుడు ఆయనే. కలకత్తా లీగులో ఆ ఏడాది అందరికంటే ఎక్కువ గోల్స్, 23, ఆయనవే.

ఇక 1960 రోమ్ ఒలింపిక్స్. హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో మన ఆటలు. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. ఇంతేనా అనకండి. ఆ హంగరీ జట్టు కాంస్య పతకంతో ఇంటికెళ్ళింది. మూడాటల్లో మనం వేసిన గోల్స్ మూడైతే, రెండు బలరామ్‌వి, ఒకటి పి.కె. బెనర్జీది.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. లక్షమంది జనం, అందులో ఎక్కువమంది మనమీద గుర్రుగా వున్నవాళ్ళు. దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. మళ్ళీ ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం లేదు.

ఏడాది తిరక్కుండా కథ మారిపోయింది. గురువుగారు రహీంకి ఊపిరితిత్తుల కాన్సర్. 1963 జూన్‌లో పోయాడు. శిష్యుడికీ ఊపిరితిత్తుల జబ్బే. అదే ఏడాది ఆట మానేశాడు. మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తేవాడికి దేవుడు సరిగ్గా ఊపిరి దగ్గరే లెక్క తప్పాడు. ఇదే సికిందరాబాదులో 1984లో పుట్టిన సునీల్ ఛెత్రి 2005 నుంచి సుమారు ఇరవై ఏళ్ళు దేశానికి ఆడాడు. బలరామ్‌కి దక్కినవి ఏడు.

ఏడేళ్ళ ఆట. దాని తర్వాత అరవై ఏళ్ళ మాజీతనం. నన్ను కదిలించేది ఆ రెండో అంకెే.

హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో వుండేవాడు. ఆ కాలపు ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ మూడు పేర్లు కలిపే చెప్పేవారు: చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్. చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది. బెనర్జీకి 1990లో వచ్చింది. మూడో పేరు దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వంవారి సిరా అయిపోయింది. ఆ బాధని బలరామ్ దాచుకోలేదు. పత్రికలవాళ్ళు అడిగితే చెప్పేవాడు.

అంతటివాడు అలా చెప్పుకోవడమేమిటి, పెద్దరికం కాదు కదా అనేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. ఇలాంటి నీతులు మనం ఎప్పుడూ ఇచ్చినవాళ్ళకే చెబుతాం, పుచ్చుకున్నవాళ్ళకి చెప్పం. పదిమందికి వండి వడ్డించిన ఇల్లాలు, కూర ఎలావుందో ఒక్కరూ చెప్పలేదే అనుకుంటే దాన్ని పొగడ్తలమీద మోజు అంటామా? పనిచేసిన చేతికి ఆ మాటైనా దక్కాలి. ఆయనడిగింది మేడలు కాదు. మిగతా ఇద్దరి పక్కన తనకీ ఓ పీట.

పీట వెయ్యకముందే 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. మరుసటేడు రహీం జీవితంమీద 'మైదాన్' సినిమా వచ్చింది. అందులో బలరామ్ పాత్ర కూడా వుంది. తెరమీద కుర్రాడు పరుగెడుతుంటే హాల్లో చప్పట్లు. వినవలసిన చెవులు మాత్రం అప్పటికే లేవు.

ప్రభుత్వాల సంగతి మనచేతుల్లో లేదు. కాని ప్రతి ఇంట్లోనూ ఓ మూడో పేరు వుంటుంది. అందరిలాగే శ్రమపడి, జాబితా చదివేటప్పుడు మాత్రం నోటికి రాని పేరు. పెద్దత్తయ్యో, పెళ్ళికాని బాబాయో, మీకు చదువు చెప్పిన మాస్టారో. వాళ్ళకి చెప్పవలసిన మంచిమాట ఏదైనా వుంటే ఈ ఆదివారమే వెళ్ళి చెప్పిరండి. సంతాపసభదాకా దాచిపెట్టకండి.