మూడడుగుల ప్రభ

శివరాత్రి ముందు మా ఊరొస్తే, బస్సు దిగకముందే తుమ్ములు మొదలవుతాయి. రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉంటాయి. మా వైపు కాయలంటే మిరపకాయలే! పత్తి చేలల్లో కట్టె మాత్రం మిగిలి ఉంటుంది. దూరంగా కోటప్పకొండ. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు, అందుకే త్రికూటాచలం అని పేరు.

నరసరావుపేట, చిలకలూరిపేటల నడుమ ఉన్న ఈ కొండకి శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి. కొన్ని ఎనభై, తొంభై అడుగులుంటాయి. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల కరెంటు ప్రభల కోసం జనం రాత్రంతా మేలుకుంటారు. కోటిన్నొక్క ప్రభలొస్తే కోటయ్య కొండ దిగి వస్తానన్నాడని మా పెద్దల నమ్మకం. కోనసీమలో సంక్రాంతికి భుజాల మీద మోసే ప్రభలు వేరే. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం వాటిదే.

ఈసారి మా ఊళ్లో మాత్రం ప్రభ కట్టలేదు. కాయల రేటు బాలేదు, చందాలు రాలేదు. మా తొమ్మిదేళ్ల మేనల్లుడు మొహం వేలాడేశాడు. "మావయ్యా, మనమే కడదామా?" అన్నాడు.

సరే అన్నా. చార్టు, ఫెవికాల్ తెచ్చి, నిలువునా అట్ట అంటించి గంటలో కట్టేశా. టేబుల్ ఫ్యాన్ వేశామో లేదో, బోర్లా పడింది.

మంచం మీద నుంచి తాతయ్య నవ్వాడు. "ఇంజినీరింగు చదివిందెవడ్రా ఈ ఇంట్లో? గాలికి దారియ్యకుండా కడితే నిలబడుద్దా?"

ఆయన కుర్రతనంలో ఊరి ప్రభకి వెనక మోకు పట్టినవాడు. ఇప్పుడు చేతులు వణుకుతాయి. మాట మాత్రం వణకదు. ఆయన చెప్తుంటే మేం రెండోసారి కట్టాం. మీరూ ఇంట్లో కట్టొచ్చు, ఇదిగో ఇలా:

చట్రం: మూడడుగుల వెదురు బద్దలు రెండు నిలువుగా. కింద అడుగు ఎడం, పైన జానెడు. అడ్డంగా ఐదు బద్దలు పురికొసతో బిగించాలి. వెనక ఇంటూ గుర్తులా ఇంకో రెండు. పైన కొబ్బరి ఈనెల్ని విల్లులా వంచి కట్టాలి. బద్దలు చీల్చే పని పెద్దవాళ్లదే.

జిగురు: గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పాలి. చల్లారాక వాడాలి.

రంగులు: బెండకాయని అడ్డంగా కోసి పోస్టర్ కలర్‌లో ముంచి కాగితం మీద అద్దితే పువ్వులు పడతాయి. కాగితం బాగా ఆరాకే అంటించాలి. మా వాడు తొందరపడ్డాడు, పువ్వులన్నీ వాడి చొక్కా మీదకొచ్చాయి!

కాగితం: గాలిపటాల కాగితం చాలు. ఒక గడి మూసి, ఒక గడి ఖాళీగా వదలాలి. గాలికి దారి అదే. అంచులకి కాగితాన్ని మడతలేసి కత్తిరిస్తే జాలర్లు తయారు.

మోకులు: అడుగున పీటకి కట్టి, దాని మీద ఇటుక పెట్టాలి. పై భాగం నుంచి నాలుగు వైపులకి నాలుగు తాళ్లు.

అసలు కిటుకు ఈ తాళ్లలోనే ఉందట. "ముందోడు లాగితే వెనకోడు వదలాల. అట్టాగని చేతిలోంచి జారనీకూడదు. ఎవడి బలం వాడు చూపిస్తే ప్రభ పడుద్ది" అన్నాడు తాతయ్య. ఊరి ప్రభకీ అదే లెక్క, మా మూడడుగుల దానికీ అదే లెక్క.

సాయంత్రం బేరింగుల బండి మీద పెట్టి బయల్దేరాం. వీధి పిల్లలు నలుగురు తలో తాడు పట్టుకున్నారు. గుమ్మం దాటగానే తాతయ్య చెప్పులేసుకుని వచ్చి, వెనక తాడు తన చేతికి తీసుకున్నాడు. అమ్మ వద్దంది. విన్లేదు.

కల్లాల దగ్గర కాయలు ఏరుతున్న ఆడవాళ్లు లేచి నిలబడి దణ్ణం పెట్టారు, బొమ్మ ప్రభకి! రామాలయం మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కేసరికి బండి ఎగిరింది. ప్రభ ముందుకి ఒరిగింది. నేను పట్టుకోబోయేలోపే వెనక తాడు బిగుసుకుంది. మెల్లగా నిలబడింది. చూస్తే, తాతయ్య చెయ్యి వణుకుతూనే ఉంది. తాడు మాత్రం జారలేదు.

ఇంటికొచ్చాక ఆ తాడు చుట్టి నా చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు ఊళ్లో పెద్దది కడతారు. వెనక మోకు నువ్వు పట్టాల."

శివరాత్రికి నాకు ఎప్పుడూ ఒక్కరోజే సెలవు. ప్రభ కట్టడానికే వారం పట్టుద్ది. తాడు మాత్రం హైదరాబాద్ తెచ్చుకున్నా. లాప్‌టాప్ పక్కనే ఉంది.